జనరల్ గ్రాంట్ రాసిన ఒకే ఒక్క పుస్తకం

అమెరికాలో పాత పుస్తకాలు అమ్మే దుకాణాల్లో తరచుగా కనిపించే ఒక జత పుస్తకాలు ఉన్నాయి. ఆకుపచ్చ గుడ్డ అట్ట, దాని మీద బంగారు రంగులో అచ్చొత్తిన పతకం బొమ్మ. మొదటి సంపుటం మీద 1885 అనీ, రెండో సంపుటం మీద 1886 అనీ ఉంటుంది. లోపల యుద్ధభూముల మ్యాపులు, రచయిత బొమ్మ, ఆయన చేతిరాత నకళ్లు ఉంటాయి. కొన్ని జతలు గుడ్డకు బదులు గొర్రె తోలుతోనో, దూడ తోలుతోనో బైండు చేసి ఉంటాయి. నూట నలభై ఏళ్ల నాటి మొదటి ముద్రణ కదా, దొరకడమే గగనం అనుకుంటాం. కానీ ఇది అంత అరుదైన పుస్తకం కాదు. ఆ రోజుల్లోనే మూడు లక్షలకు పైగా జతలు అమ్ముడుపోయాయి. శుభ్రంగా మిగిలిన తోలు బైండింగ్ జతలకు మాత్రం ఇప్పటికీ మంచి గిరాకీ ఉంది.

ఆ పుస్తకం రాసినవారు జనరల్ యులిసిస్ గ్రాంట్. అమెరికాలో బంధువులున్న ఇళ్లలో 50 డాలర్ల నోటు చూసే ఉంటారు. దాని మీద గడ్డంతో కనిపించే పెద్దమనిషి ఆయనే. అమెరికా అంతర్యుద్ధాన్ని గెలిపించిన సేనాపతి, రెండుసార్లు ఆ దేశాధ్యక్షుడు. అయినా ఆ పుస్తకం రాయడానికి కూర్చున్నప్పుడు ఆయన చేతిలో డబ్బు లేదు. కొద్ది నెలలకే ఆరోగ్యం కూడా పోయింది. పిల్లల చదువు గురించి, వాళ్ల భవిష్యత్తు గురించి రోజూ ఆలోచించే తల్లిదండ్రులు ఒకసారి తెలుసుకోవలసిన జీవితం ఇది.

గుర్రం బేరం

గ్రాంట్ 1822 ఏప్రిల్ 27న ఒహాయో రాష్ట్రంలోని పాయింట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హైరమ్ యులిసిస్. తండ్రి జెస్సీకి తోళ్లు ఊనే వ్యాపారం ఉండేది. ఆ వాసనా, ఆ రక్తమూ కుర్రాడికి అస్సలు పడేవి కావు. గుర్రాలంటే మాత్రం ప్రాణం. ఎంత పెంకి గుర్రాన్నయినా మచ్చిక చేసుకునేవాడు. పొలం పనుల్లో, బండి తోలడంలో పెద్దవాళ్లతో సమానంగా నిలిచేవాడు.

ఎనిమిదేళ్ల వయసులో పక్క ఊరి ఆసామి దగ్గర ఒక గుర్రప్పిల్ల మీద మనసు పడ్డాడు. ఆసామి అడిగిన ధర 25 డాలర్లు. తండ్రి ఆ గుర్రం 20 మించి చేయదన్నాడు. కానీ కొడుకు మారాం చేసేసరికి డబ్బిచ్చి పంపుతూ బేరం ఎలా ఆడాలో చెప్పాడు. ముందు 20 ఇస్తానని అడగాలి, ఒప్పుకోకపోతే ఇరవై రెండున్నర అనాలి, అప్పటికీ వినకపోతేనే 25 ఇవ్వాలి. కుర్రాడు ఆసామి దగ్గరికి వెళ్లి తండ్రి చెప్పిన మూడు మాటలనూ వరుసగా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గుర్రం ఎంతకు కుదిరిందో వేరే చెప్పనక్కర్లేదు. ఊళ్లో పిల్లలు దాన్ని పట్టుకుని చాలాకాలం ఏడిపించారు.

ఈ సంగతి మనకు తెలియడానికి కారణం గ్రాంటే. అరవై ఏళ్లు దాటాక తన పుస్తకంలో తానే రాసుకున్నారు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి చెప్పడం ఆయనకు చివరిదాకా చేతకాలేదు. ఎదుటివాళ్లు అలా చేస్తున్నారని పోల్చుకోవడమూ చేతకాలేదు. ఆ గుణమే ఆయనకు పేరు తెచ్చింది, ఆ గుణమే ఒకనాడు నిలువునా ముంచింది.

39 మందిలో 21వ స్థానం

పదిహేడో ఏట తండ్రి ఆయన్ని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి పంపించారు. వెళ్లాలన్న కోరిక కొడుక్కి లేదు. తండ్రి నిర్ణయించారు కాబట్టి వెళ్లాడు. సిఫారసు పత్రం రాసిన కాంగ్రెస్ సభ్యుడు పేరు పొరపాటుగా యులిసిస్ ఎస్. గ్రాంట్ అని రాశారు. అకాడమీ రికార్డుల్లో అదే ఎక్కింది. మన దగ్గర టెన్త్ మెమోలో పడ్డ పేరు జీవితాంతం వెంట వచ్చినట్టే, ఆ తప్పు పేరే చరిత్రలో మిగిలిపోయింది. మధ్యలో ఉన్న ఎస్ అక్షరానికి అర్థమేమీ లేదు.

అకాడమీలో ఆయన చురుకైన విద్యార్థి కాదు. లెక్కలు సులువుగా వచ్చేవి, ఫ్రెంచి కష్టంగా ఉండేది. పాఠం రెండోసారి చదవడం అరుదు. లైబ్రరీ నుంచి నవలలు తెచ్చుకుని ఎక్కువ సమయం వాటితోనే గడిపేవాడు. బొమ్మలు బాగా గీసేవాడు. గుర్రపు స్వారీలో మాత్రం సాటి లేదనిపించుకున్నాడు. 1843లో బయటికి వచ్చేటప్పటికి 39 మందిలో 21వ స్థానం. సైన్యంలో ఉండిపోవాలన్న ఆలోచన అప్పటికీ లేదు. కొన్నాళ్లు పనిచేసి, ఎక్కడైనా లెక్కల మాస్టారుగా స్థిరపడదామనుకున్నారు.

1846లో మెక్సికోతో యుద్ధం వచ్చింది. సైన్యానికి తిండి, బళ్లు, కంచర గాడిదలు, సామాను సమకూర్చే పని ఆయనకు అప్పగించారు. పేరు రాని పని అది. కానీ సైన్యం కడుపు నిండకపోతే ఏ యుద్ధమూ సాగదని అక్కడే నేర్చుకున్నారు. ఒక బలమైన దేశం బలహీనమైన దేశం మీద చేసిన అన్యాయమైన యుద్ధమని కూడా తరువాత నిర్మొహమాటంగా రాశారు.

తాకట్టులో గడియారం

1848లో తన అకాడమీ స్నేహితుడి చెల్లెలు జూలియా డెంట్‌ను పెళ్లి చేసుకున్నారు. నాలుగేళ్లకు దేశానికి ఆ చివరనున్న పసిఫిక్ తీరానికి బదిలీ అయింది. అప్పట్లో పనామా మీదుగా వెళ్లాలి. దారిలో కలరా సోకి వెంట వచ్చినవాళ్లు చాలామంది కళ్లముందే పోయారు. భార్యాపిల్లలు వేల మైళ్ల దూరంలో ఉండిపోయారు. జీతం చాలేది కాదు. బంగాళాదుంపలు వేస్తే వరద వచ్చింది. ఓడలో ఐసు పంపి అమ్ముదామంటే అదీ నష్టమే. ఒంటరితనంలో తాగుడు అలవాటయింది. 1854లో ఉద్యోగానికి రాజీనామా చేశారు. తిరిగి వచ్చే దారిలో న్యూయార్క్‌లో చేతిలో డబ్బు అయిపోతే, సైమన్ బక్నర్ అనే పాత స్నేహితుడు హోటల్ బిల్లుకు సాయపడ్డారు. ఈ బక్నర్ పేరు గుర్తుంచుకోండి.

తరువాతి ఆరేళ్లు ఆయన జీవితంలో అన్నిటికన్నా కష్టమైనవి. సెయింట్ లూయిస్ దగ్గర మామగారు ఇచ్చిన భూమిలో సొంత చేతులతో దుంగల ఇల్లు కట్టుకుని వ్యవసాయం చేశారు. పంట గిట్టుబాటు కాలేదు. పాత సైనిక కోటు వేసుకుని, బండి మీద కట్టెలు వేసుకుని ఊళ్లో వీధి వీధీ తిరిగి అమ్మారు. 1857 క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు బంగారు గడియారాన్ని 22 డాలర్లకు తాకట్టు పెట్టారు.

ఈ రోజుల్లోనే జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. భార్య పుట్టింటివారికి బానిసలు ఉండేవారు. గ్రాంట్ చేతికి కూడా విలియమ్ జోన్స్ అనే ఒక బానిస వచ్చారు. అప్పట్లో ఒక మనిషిని అమ్మితే చాలా డబ్బు వచ్చేది, అప్పులు తీరేవి. గ్రాంట్ 1859 మార్చిలో కోర్టుకు వెళ్లి ఆయనకు స్వేచ్ఛనిస్తూ పత్రం రాసిచ్చారు. బానిసల శ్రమ మీద నడిచే ఇంట్లో ఉంటూ ఆ సౌకర్యం పొందిన మాట నిజం. చేతిలో పైసా లేనినాడు ఒక మనిషిని అమ్ముకోకుండా వదిలిపెట్టిన మాటా నిజం.

1860లో ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, నలుగురు పిల్లల తండ్రిగా, ఇలినాయ్ రాష్ట్రంలోని గలీనాకు వెళ్లి తండ్రిగారి తోలు సామాన్ల దుకాణంలో పనికి కుదిరారు. దుకాణం చూసుకునేది ఆయన తమ్ముళ్లు. చిన్నప్పుడు ఏ వాసనకు పారిపోయారో మళ్లీ అక్కడికే వచ్చారు. ఆ రోజు ఆయన్ని చూసినవాళ్లెవరైనా ఈయన పని అయిపోయిందనే అనుకుని ఉంటారు.

యుద్ధం నేర్పిన మొదటి పాఠం

1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి దక్షిణాదిలోని 11 రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయాయి. శిక్షణ పొందిన అధికారులు కావలసి వచ్చారు. జూన్‌లో గ్రాంట్‌కు ఇలినాయ్ 21వ రెజిమెంటును అప్పగించారు. ఎవరి మాటా వినని కుర్రాళ్ల దండు అది. కొద్ది వారాల్లో దారిలో పెట్టారు.

మిస్సోరీలో మొదటిసారి శత్రు శిబిరం మీదికి దండును నడిపించినప్పుడు భయంతో గుండె గొంతులోకి వచ్చిందని ఆయనే రాసుకున్నారు. కొండెక్కి చూస్తే శిబిరం ఖాళీ. శత్రువు అంతకుముందే పారిపోయాడు. తాను అతనికి ఎంత భయపడ్డాడో అతనూ తనకు అంతే భయపడ్డాడన్నమాట. ఈ సంగతి ముందెప్పుడూ తట్టలేదట. ఆ తరువాత ఏ యుద్ధంలోనూ దాన్ని మరచిపోలేదు. పరీక్ష హాలు ముందు వణికే పిల్లలకు చెప్పదగిన కథ ఇది.

1862 ఫిబ్రవరిలో డోనెల్సన్ కోటను ముట్టడించారు. బేషరతుగా లొంగిపోవాలని కబురు పంపారు. కోటలో మిగిలిన సేనాపతి ఎవరో కాదు, హోటల్ బిల్లుకు సాయపడిన బక్నరే. పన్నెండు వేలకు పైగా సైనికులతో లొంగిపోయారు. షరతుల్లో స్నేహం చూపని గ్రాంట్, పని ముగిశాక పక్కకు పిలిచి, డబ్బు అవసరమైతే తన దగ్గర తీసుకోమన్నారు. దేశమంతటికీ గ్రాంట్ పేరు తెలిసింది ఆ గెలుపుతోనే. పత్రికల్లో ఆయన నోట్లో చుట్ట ఉన్న సంగతి చదివి అభిమానులు పెట్టెలకు పెట్టెలు చుట్టలు పంపారు. అంతకుముందు కొద్దిగా ఉన్న అలవాటు అక్కడి నుంచి విపరీతమైంది.

ఏప్రిల్‌లో షైలో దగ్గర రెండు రోజుల్లో ఇరువైపులా కలిపి 23 వేలకు పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా గల్లంతయ్యారు. మొదటి రోజు గ్రాంట్ సైన్యం నది ఒడ్డు దాకా వెనక్కి నెట్టబడింది. మర్నాడు తిరగబడి గెలిచింది. 1863 జులై 4న 47 రోజుల ముట్టడి తరువాత విక్స్‌బర్గ్ లొంగింది. 1864 మార్చిలో అధ్యక్షుడు లింకన్ ఆయన్ని మొత్తం సైన్యాలకు అధిపతిని చేశారు.

ఆయనలో ఒక ప్రత్యేకత ఉంది. యుద్ధం మధ్యలో, ఫిరంగులు మోగుతుంటే, మోకాలి మీద కాగితం పెట్టుకుని తానే ఆదేశాలు రాసేవారు. చిన్న వాక్యాలు, తేలిక మాటలు. చదివినవాడికి రెండో అర్థం తోచే అవకాశం ఉండేది కాదు. ఆ ఆదేశాలే తరువాతి పుస్తకానికి అభ్యాసం.

తప్పులు కూడా పెద్దవే చేశారు. 1862 డిసెంబరులో, వ్యాపారంలో అక్రమాలు జరుగుతున్నాయన్న కోపంతో, తన అధీనంలోని ప్రాంతం నుంచి యూదులందరినీ వెళ్లగొట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. లింకన్ దాన్ని రద్దు చేయించారు. గ్రాంట్ తరువాత దానికి ఎంతో బాధపడ్డారు, అధ్యక్షుడయ్యాక యూదులను మంచి పదవుల్లో నియమించారు. 1864 జూన్‌లో కోల్డ్ హార్బర్ దగ్గర దాడికి పంపి వేలమందిని పోగొట్టుకున్నారు. ఆ దాడి చేయించకుండా ఉండవలసిందని పుస్తకంలో ఒప్పుకున్నారు.

గెలిచినవాడి మర్యాద

1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్ కోర్ట్ హౌస్ అనే పల్లెలో, ఒక ఇంటి ముందుగదిలో, దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగిపోయారు. లీ మెరిసే కొత్త యూనిఫాంలో వచ్చారు. గ్రాంట్ బురద బూట్లతో, మామూలు సిపాయి చొక్కాతో వచ్చారు. షరతులు తానే అక్కడికక్కడ రాశారు. ఆయుధాలు అప్పగించి ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోవచ్చు. అధికారులు తమ కత్తులు ఉంచుకోవచ్చు. గుర్రాలున్న సిపాయిలు వాటిని తీసుకెళ్లవచ్చు, ఎందుకంటే అది దుక్కుల కాలం, ఇంటి దగ్గర పొలం దున్నాలి. ఆకలితో ఉన్న లీ సైన్యానికి 25 వేలమందికి సరిపడే ఆహారం ఇప్పించారు. తన సిపాయిలు ఆనందంతో ఫిరంగులు పేలుస్తుంటే ఆపించారు. ఓడినవాళ్లు ఇప్పుడు మళ్లీ మన దేశస్థులే అన్నది ఆయన ఆలోచన. వాళ్లు పోరాడిన ఆశయం ఎంత చెడ్డదో ఆయనకు బాగా తెలుసు, దాన్ని పుస్తకంలో దాచలేదు. కానీ ఎదుట కూర్చున్న మనిషిని అవమానించలేదు.

నాలుగేళ్ల ఆ యుద్ధంలో ఆరు లక్షలమందికి పైగా సైనికులు చనిపోయారని అంచనా.

అధ్యక్షుడిగా ఎనిమిదేళ్లు

1869లో గ్రాంట్ దేశాధ్యక్షుడయ్యారు, 1872లో మళ్లీ గెలిచారు. నల్లజాతి పురుషులకు ఓటు హక్కు ఇచ్చిన 15వ రాజ్యాంగ సవరణ 1870లో ఆయన హయాంలోనే అమల్లోకి వచ్చింది. ఆ ఓటర్లను చంపి, భయపెడుతున్న కూ క్లక్స్ క్లాన్ ముఠాను అణచడానికి 1871లో చట్టం తెచ్చి, సైన్యాన్ని పంపారు. 1872లో ఎల్లోస్టోన్‌ను జాతీయ పార్కుగా చేసే చట్టం మీద సంతకం చేశారు.

అయితే ఆయన నమ్మి పక్కన పెట్టుకున్నవాళ్లలో చాలామంది లంచాలు తిన్నారు. సారా పన్ను ఎగవేత కుంభకోణం ఆయన సొంత కార్యదర్శి దాకా వచ్చింది. గ్రాంట్ జేబులోకి ఆ డబ్బు రాలేదు. కానీ మనిషిని అంచనా వేయడంలో తప్పింది ఆయనే. 1876లో కాంగ్రెస్‌కు పంపిన చివరి వార్షిక సందేశంలో తన పొరపాట్లను తానే ఒప్పుకున్నారు.

పదవి దిగాక రెండేళ్లకు పైగా భార్యతో ప్రపంచమంతా తిరిగారు. 1879లో మన దేశానికీ వచ్చారు. బొంబాయిలో దిగి, ఆగ్రా, ఢిల్లీ, కాశీ చూసుకుని కలకత్తా మీదుగా బర్మా వెళ్లారు.

ఒక ఆదివారం వచ్చిన కబురు

తిరిగి వచ్చాక న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. కొడుకు బక్, ఫెర్డినాండ్ వార్డ్ అనే కుర్ర వ్యాపారి కలిసి పెట్టిన సంస్థలో గ్రాంట్ తన డబ్బంతా పెట్టారు. బంధువులూ, పాత సైనికులూ ఆయన పేరు చూసి పెట్టారు. వార్డ్ నెలనెలా పెద్ద లాభాలు చూపించేవాడు. నిజానికి వ్యాపారమే లేదు. కొత్తగా వచ్చినవారి డబ్బు తెచ్చి పాతవారికి లాభమని పంచేవాడు. చిట్టీలు ఎత్తేసి రాత్రికి రాత్రి ఊరొదిలి పోయేవాళ్ల సంగతి తెలిసిన మనకు ఇది కొత్త కాదు. గ్రాంట్ లెక్కల పుస్తకం ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఇచ్చిన కాగితాల మీద సంతకాలు పెట్టారు.

1884 మే 4, ఆదివారం నాడు వార్డ్ వచ్చి, ఒక బ్యాంకు ఇబ్బందిలో ఉందనీ, ఒక్క రోజుకు లక్షన్నర డాలర్లు కావాలనీ చెప్పాడు. గ్రాంట్ కోటీశ్వరుడు విలియమ్ వాండర్‌బిల్ట్ ఇంటికి వెళ్లి అడిగారు. ఆయన గ్రాంట్ మీద గౌరవంతో తన పేరు మీద చెక్కు రాసిచ్చారు. రెండు రోజులకు సంస్థ మూతపడింది. భార్యాభర్తలిద్దరి దగ్గరా కలిపి ఇంట్లో మిగిలింది సుమారు రెండు వందల డాలర్లు. అధ్యక్షుడు కావడానికి సైన్యం పదవి వదులుకున్నారు కాబట్టి పెన్షను కూడా లేదు.

వాండర్‌బిల్ట్ బాకీ అడగలేదు, మాఫీ చేస్తానన్నారు. గ్రాంట్ ఒప్పుకోలేదు. ఇల్లు, భూములు, యుద్ధంలో వచ్చిన కత్తులు, పతకాలు, దేశదేశాల రాజులు ఇచ్చిన కానుకలు అన్నీ రాసిచ్చేశారు. వాండర్‌బిల్ట్ చివరికి ఆ జ్ఞాపికలను దేశానికి అప్పగించే ఏర్పాటు చేశారు.

రాయడం నేర్చుకున్న 62 ఏళ్ల విద్యార్థి

ఆ సమయంలో సెంచరీ పత్రికవారు యుద్ధం మీద వ్యాసాలు రాయమని అడిగారు. ఒక్కో వ్యాసానికి 500 డాలర్లు. మొదట షైలో యుద్ధం గురించి రాసి పంపారు. అది సైన్యానికి పంపే నివేదికలా ఎండిపోయి ఉంది. సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ ఆ మాట మొహం మీద చెప్పకుండా, ఇంటికి వచ్చి కబుర్లలోకి దింపారు. ఆ రోజు ఏం చూశారు, ఏమనుకున్నారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు అని అడుగుతూ పోయారు. గ్రాంట్ చెప్పుకుంటూ పోయారు. ఇప్పుడు చెప్పినట్టే రాయండి అన్నది సంపాదకుడి సలహా. గ్రాంట్ నొచ్చుకోలేదు. కాగితాలు పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి రాశారు. ఒక దేశానికి అధ్యక్షుడిగా చేసిన మనిషి, తన కన్నా ముప్ఫై ఏళ్లు చిన్నవాడి దగ్గర పాఠం నేర్చుకున్నారు. రాయడంలో ఆనందం దొరికింది. మొత్తం జీవితమే రాద్దామనుకున్నారు.

ఆ వేసవిలోనే ఒక రోజు పీచ్ పండు కొరికి మింగితే గొంతులో మంట పుట్టింది. డాక్టరుకు చూపించుకోవడం అక్టోబరు దాకా వాయిదా పడింది. అప్పటికి గొంతు క్యాన్సర్ అని తేలింది. అభిమానంతో వచ్చిన చుట్టల పెట్టెలు చేసిన పని అది.

సెంచరీవారు పుస్తకానికి పది శాతం రాయల్టీ ఇస్తామన్నారు. గ్రాంట్ ఒప్పుకోబోతుండగా రచయిత మార్క్ ట్వేన్ వచ్చి, ఆ ఒప్పందం చాలా తక్కువని చెప్పారు. ట్వేన్ అప్పుడే బంధువు చార్లెస్ వెబ్‌స్టర్ పేరు మీద సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నారు. అమ్మకం మీద 20 శాతం గానీ, ఖర్చులు పోగా మిగిలిన లాభంలో 70 శాతం గానీ ఇస్తామన్నారు. ముందు అడిగినవారిని కాదనడం మర్యాద కాదని గ్రాంట్ చాలా రోజులు తటపటాయించారు. చివరికి లాభంలో వాటాకే ఒప్పుకున్నారు. పుస్తకం అమ్ముడుపోకపోతే ప్రచురణకర్త తన వల్ల నష్టపోకూడదన్నది ఆయన కారణం. అప్పుల్లో నిండా మునిగి ఉండి కూడా ఎదుటివాడి నష్టం గురించి ఆలోచించారు. 1885 ఫిబ్రవరి చివర ఒప్పందం కుదిరింది.

కొండ మీద చివరి వారాలు

రాత అప్పటికే సగం దారిలో ఉంది. కొడుకు ఫ్రెడ్ పాత రికార్డులు వెతికి తేదీలు సరిచూసేవారు. గ్రాంట్ చేత్తో రాసేవారు, ఓపిక ఉన్నప్పుడు స్టెనోగ్రాఫరుకు చెప్పి రాయించేవారు. ఏప్రిల్ మొదట్లో ఇక బతకరని అందరూ ఆశ వదులుకున్నారు. తేరుకుని మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నారు. ఈ మధ్యలో, పుస్తకం రాస్తున్నది గ్రాంట్ కాదు, ఆయన పాత సహాయకుడు అని ఒక పత్రికలో వచ్చింది. అది తన సొంత రాత అని గ్రాంట్ లిఖితపూర్వకంగా ఖండించారు.

జూన్ 16న న్యూయార్క్ ఎండల నుంచి సారటోగా దగ్గరి మౌంట్ మెక్‌గ్రెగర్ కొండ మీది ఇంటికి మార్చారు. పడుకుంటే ఊపిరాడేది కాదు. ఎదురెదురుగా వేసిన రెండు తోలు కుర్చీల్లో కూర్చునే రాత్రులు గడిపారు. మాట పోయింది. డాక్టరుతో, ఇంట్లోవాళ్లతో పెన్సిలుతో చీటీలు రాసి మాట్లాడేవారు. మెడకు కండువా చుట్టుకుని, వరండాలో కూర్చుని రాస్తున్న ఆయన ఫోటో ఇప్పటికీ ఉంది. నొప్పి తగ్గించే మందు మనసును మందగింపజేస్తుందని, రాసేటప్పుడు వీలైనంత తక్కువ వాడేవారు.

జులైలో ఒక అతిథి వచ్చారు. డోనెల్సన్‌లో లొంగిపోయిన బక్నర్. ఒకప్పుడు హోటల్ బిల్లుకు సాయపడిన స్నేహితుడు, తరువాత శత్రువు, ఇప్పుడు కడసారి చూపుకు వచ్చారు. ఆయన మాట్లాడారు, గ్రాంట్ చీటీల మీద జవాబు రాశారు.

జులై మూడో వారానికి రాత ముగిసింది. జులై 23 ఉదయం ఎనిమిది దాటాక గ్రాంట్ కన్నుమూశారు. వయసు 63. ఆ ఇంటి గడియారాన్ని కొడుకు ఆ క్షణంలోనే ఆపేశారు. ఆగస్టు 8న న్యూయార్క్‌లో అంత్యక్రియలు జరిగాయి. శవపేటిక వెంట నడిచిన పెద్దల్లో ఆయన సహచరులు షెర్మన్, షెరిడన్‌లతో పాటు, ఒకప్పుడు ఆయనతో పోరాడిన బక్నర్, జాన్‌స్టన్ కూడా ఉన్నారు.

ఇల్లిల్లూ తిరిగిన పుస్తకం

పుస్తకం దుకాణాల్లో పెట్టలేదు. సుమారు పదివేలమంది ఏజెంట్లు ఇంటింటికీ వెళ్లి ముందే ఆర్డర్లు తీసుకున్నారు. వాళ్లలో చాలామంది గ్రాంట్ కింద పనిచేసిన పాత సైనికులు. గుడ్డ బైండింగ్ సంపుటం ధర మూడున్నర డాలర్లు. తోలు బైండింగ్‌కు ఇంకా ఎక్కువ. తోళ్ల వాసన పడని కుర్రాడి జీవితకథ చివరికి తోలు అట్టల్లో కూడా ఇళ్లకు చేరింది. మొదటి సంపుటం 1885 డిసెంబరులో, రెండోది 1886 మార్చిలో వచ్చాయి. రెండూ కలిపి 1,200 పేజీలకు పైమాటే. 1886 ఫిబ్రవరిలో జూలియా చేతికి రెండు లక్షల డాలర్ల చెక్కు అందింది. మొత్తం మీద నాలుగు లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. కుటుంబం నిలబడింది. విచిత్రమేమిటంటే, ట్వేన్ ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసింది. ఆయన కూడా అప్పులు ఎగ్గొట్టకుండా ఉపన్యాసాలిస్తూ దేశాలు తిరిగారు, 1896లో మన దేశానికీ వచ్చారు, చివరికి అప్పులన్నీ తీర్చారు.

ఆ పుస్తకంలో లేనివి కూడా ఉన్నాయి. తాగుడు గురించి రాయలేదు, యూదుల మీద ఇచ్చిన ఉత్తర్వు గురించి రాయలేదు, అధ్యక్ష పదవి రోజుల గురించీ లేదు. కానీ ఉన్నంతలో గొప్పలు లేవు. పుస్తకాన్ని అమెరికా సైనికులకూ నావికులకూ అంకితం ఇచ్చారు, ఏ పక్షంవారికో చెప్పలేదు. ఆ సాదా వాక్యాలను ఇప్పటికీ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు.

మన ఇంటి దాకా

మార్కుల జాబితాలో 21వ స్థానం చూసి ఆ కుర్రాడు ఏమవుతాడో ఎవరూ చెప్పలేకపోయారు. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో తమ్ముళ్ల దుకాణంలో చూసినవాళ్లూ చెప్పలేకపోయారు. పరీక్షలు అనవసరమని దీని అర్థం కాదు. అకాడమీలో వచ్చిన లెక్కలు, మ్యాపులు చదివే నేర్పు, సమయం వృథా అనిపించిన నవలల చదువు, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొచ్చాయి. ఏది ఎప్పుడు అక్కరకొస్తుందో ముందు తెలియదు, అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. నిజాయితీ ఒక్కటే చాలదు. లెక్క చూసుకోని నిజాయితీపరుడు తనను నమ్మినవారిని కూడా ముంచగలడు. పిల్లలకు నిజం చెప్పమని నేర్పుతున్నాం, మంచిదే. సంతకం పెట్టే ముందు చదవమని కూడా నేర్పాలి.

ఈ నెల ఒక సాయంత్రం మీ పిల్లలకు గుర్రం బేరం కథ చెప్పండి. ఆ కుర్రాడు చేసింది తెలివితక్కువ పనా, మంచి పనా అని అడగండి. వెంటనే మీ అభిప్రాయం చెప్పకుండా, వాళ్లు ఏమంటారో వినండి. తరువాత, వాళ్లు చెప్పినదాన్నే చెప్పినట్టుగా ఒక పేజీలో రాయమనండి. గ్రాంట్ రచన అలాగే మొదలైంది.